వేలికో లెక్క, మౌస్‌కో లెక్క

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ముందరేసుకుని కూర్చుంటే ఎక్కువ భాగం ఒక్క విషయం మీదే ఉన్నాయి. టచ్ స్క్రీన్ కొన్నాం, డబ్బులు పోశాం, తీరా చూస్తే సాఫ్ట్‌వేర్ మాత్రం మౌస్ పట్టుకున్నోళ్ల మాటే వింటోంది, వేలు పెడితే ఇంకేదో చేస్తోంది అని. అందుకే ప్రింటర్ల గొడవ, వైఫై గొడవ వచ్చే నెలకి జరిపి ఇవన్నీ ఒకేసారి తీసుకున్నా. ముందే ఒక మాట, మీ వేలిలో తప్పేం లేదు, చాలాసార్లు స్క్రీన్‌లో కూడా తప్పు ఉండదు, ఇప్పుడు వాడేది వేలా మౌసా అన్నది ఆ ప్రోగ్రామ్‌కి ఎవరూ చెప్పకపోవడమే అసలు సంగతి.

ప్రశ్న: మాది మెడికల్ షాపు. ఈ మధ్యే కౌంటర్ మీద టచ్ ఉన్న ఆల్-ఇన్-వన్ (స్క్రీన్‌లోనే కంప్యూటర్ కూడా ఉండేది) పెట్టాం, 21.5 అంగుళాలది. స్టాక్ అంతా ఎక్సెల్‌లోనే రాసుకుంటాం. పైన బటన్లు ఒకటి నొక్కితే పక్కది పడుతోంది, సేవ్ నొక్కితే అన్‌డూ అయిపోతోంది, కొట్టిన ఎంట్రీ కాస్తా పోతోంది. టచ్ పాడైందా, మెకానిక్‌ని పిలవాలా?
– తెనాలి నుంచి ఒక వ్యాపారి

జవాబు: పిలవక్కర్లేదండి, టచ్ బాగానే ఉంది. లెక్క ఒక్కసారి చూడండి. మీ స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ అయితే ఒక్కో పిక్సెల్, అంటే తెర మీది ఒక్కో చుక్క, దాదాపు పావు మిల్లీమీటరు. ఎక్సెల్ పైన కనిపించే ఆ సేవ్, అన్‌డూ బొమ్మలు మౌస్ కోసం గీసిన 16 పిక్సెళ్ల బొమ్మలు, అంటే అటూ ఇటూగా 4 మిల్లీమీటర్లు, కందిగింజంత అనుకోండి. మౌస్ బాణం మొన ఒక్క పిక్సెల్ మీద నిలబడుతుంది కాబట్టి దానికి కందిగింజ చాలు. మన వేలు అలా కాదు కదా, ఆనించిన చోట ఒక సెంటీమీటరు దాకా పరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లే తమ డిజైనర్లకి వేలితో నొక్కేది ఏదైనా 7.5 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూడమని చెప్తారు, ఆండ్రాయిడ్ వాళ్ల లెక్క 9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే ఫోన్‌లో పడని తప్పు మీ కౌంటర్ మీద పడుతోంది.

ఎక్సెల్‌లో దీనికి మందు 2013 వెర్షన్ నుంచే ఉంది, చాలామందికి తెలియదు అంతే. పైన ఎడమ పక్క సేవ్, అన్‌డూ ఉన్న చిన్న బారు చివర కిందికి చూసే బాణం ఉంటుంది, అది నొక్కితే వచ్చే జాబితాలో 'టచ్/మౌస్ మోడ్' అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. అప్పుడు ఆ బారులో చేతి వేలు బొమ్మతో ఒక బటన్ వచ్చి చేరుతుంది, అది నొక్కి 'టచ్' ఎంచుకోండి, బటన్లన్నీ ఎడం ఎడంగా జరుగుతాయి. కొత్త వెర్షన్లలో అసలు ఆ చిన్న బారే కనిపించకపోవచ్చు, అప్పుడు రిబ్బన్ (పైన బటన్లన్నీ ఉండే వెడల్పాటి పట్టీ) మీద రైట్ క్లిక్ చేసి క్విక్ యాక్సెస్ టూల్‌బార్ చూపించమంటే వస్తుంది. వర్డ్‌లో కూడా ఇదే దారి.

దీనికో ఖర్చు ఉంది, రిబ్బన్ లావెక్కుతుంది, కింద కనిపించే వరసలు తగ్గుతాయి. కాబట్టి పగలు కౌంటర్ దగ్గర నిలబడి కొట్టేటప్పుడు టచ్‌లో పెట్టండి, రాత్రి షాపు మూసే ముందు కూర్చుని కొత్త సరుకు బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు ఎక్కించేటప్పుడు మౌస్‌లోకి మార్చుకోండి, ఒక్క నొక్కుడే. ఇంకోటి, వేలితో గడుల మీద ఈడిస్తే సెలెక్ట్ కాదు, పేజీ జరుగుతుంది. ఒక గడి తట్టగానే మూలల్లో చిన్న గుండ్రాలు వస్తాయి, ఆ గుండ్రాన్ని పట్టుకుని లాగితే కావలసినన్ని గడులు సెలెక్ట్ అవుతాయి.

ఎక్సెల్ ఒక్కటే కాదు అన్నీ చిన్నగానే ఉన్నాయి అంటే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి 'స్కేల్' 125 గానీ 150 గానీ పెట్టండి. మీ దగ్గర విడిగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటే దాని సెట్టింగుల్లో టచ్ అనో పెద్ద బటన్లు అనో ఏమైనా ఉందేమో వెతకండి, లేకపోతే అమ్మినవాళ్లని గట్టిగా అడగండి, అడగడం మీ హక్కు.

ఆ మధ్య ఒక స్వీట్ షాపులో పార్శిల్ కోసం నిలబడి కౌంటర్ అబ్బాయినే చూస్తున్నా. చూపుడు వేలు గోరు కొంచెం పెంచుకున్నాడు, ఆ గోటి అంచు తిప్పి బటన్ మధ్యలో పెడుతున్నాడు, ఇప్పుడొచ్చే టచ్ స్క్రీన్లు చాలావరకు గోరుని గుర్తించవు కాబట్టి నాలుగుసార్లకి ఒకసారి తగులుతోంది, వెనక క్యూ పెరుగుతోంది, వాడి నుదుటి మీద చెమట. ఆ పిల్లాడిది ఒక్క శాతం తప్పు లేదు, నాకు నిజంగా బాధనిపించింది. మీ కుర్రాళ్లకి ఆ పరిస్థితి రానివ్వకండి. స్క్రీన్‌ని నిలువుగా కాకుండా కొంచెం వెనక్కి వాల్చి కిందికి పెట్టండి, రోజంతా చెయ్యి చాపి నొక్కితే భుజం పీకేస్తుంది.

ప్రశ్న: మా బట్టల షాపులో రెండు స్క్రీన్లు. నాకు టచ్‌ది, కస్టమర్ వైపు బిల్లు మొత్తం ఎంతో కనిపించడానికి మామూలుది. నేను నా స్క్రీన్ మీద నొక్కితే బాణం కస్టమర్ స్క్రీన్ మీద కదులుతోంది!
– కరీంనగర్

జవాబు: విండోస్ మీ టచ్‌ని పక్క స్క్రీన్‌కి ముడేసింది. కంట్రోల్ ప్యానెల్ తెరిచి వెతికే చోట 'ట్యాబ్లెట్ పీసీ సెట్టింగ్స్' అని కొట్టండి. అందులో 'సెటప్' నొక్కితే పెన్నా టచ్చా అని అడుగుతుంది, టచ్ అనండి. అప్పుడు ఒక స్క్రీన్ తెల్లగా మారి, ఇది టచ్ స్క్రీన్ అయితే తట్టండి అని రాసి వస్తుంది. అది కస్టమర్ స్క్రీన్ మీద వస్తే తట్టకండి, కీబోర్డు మీద ఎంటర్ కొట్టండి, ఆ రాత మీ స్క్రీన్ మీదకి వస్తుంది, అప్పుడు తట్టండి, అయిపోయింది. కాలిబ్రేట్ అనే బటన్ కూడా అక్కడే ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్లొద్దు, అది బాణం వేలికి కొంచెం పక్కన పడుతున్నప్పుడు వాడేది, మీ బాధ అది కాదు.

ప్రశ్న: గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. నా లాప్‌టాప్ హెచ్‌డీఎంఐతో కలిపితే బొమ్మ వస్తుంది కానీ ప్యానెల్ మీద తాకితే ఏమీ అవ్వదు. ఒకవేళ పనిచేసినా రైట్ క్లిక్ ఎలా? మౌస్ పెడితే తెరుచుకునే మెనూలు వేలికి ఎందుకు తెరుచుకోవు?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: టీచర్ గారూ, హెచ్‌డీఎంఐ వైరు లాప్‌టాప్ నుంచి ప్యానెల్‌కి బొమ్మని, సౌండుని మోసుకెళ్తుంది, మీ వేలి కబురు వెనక్కి తీసుకురావడం దాని పని కాదు. దానికి ఇంకో వైరు కావాలి, యూఎస్‌బీది. ప్యానెల్ వెనకో పక్కనో హెచ్‌డీఎంఐ దగ్గర్లోనే 'టచ్' అని రాసి చతురస్రం లాంటి యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, పాత ప్రింటర్లకి ఉంటుందే అలాంటిది, అక్కణ్ణుంచి మీ లాప్‌టాప్‌కి వైరు పెట్టండి. రెండు మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటే ఏ టచ్ రంధ్రం దేనికి జతో అంకె వేసి ఉంటుంది, అది చూసుకోండి. వైరు మరీ పొడుగ్గా ఉంటే టచ్ వచ్చిపోతూ ఉంటుంది, దగ్గర వైరే మేలు.

రైట్ క్లిక్‌కి వేలు నొక్కి అలాగే పట్టుకోండి, చుట్టూ చిన్న గడి గీత వస్తుంది, అప్పుడు వేలు తీస్తే మెనూ తెరుచుకుంటుంది. గడి రాకముందే తీసేస్తే అది మామూలు క్లిక్కే. ఎంతసేపు పట్టుకోవాలో కంట్రోల్ ప్యానెల్లో 'పెన్ అండ్ టచ్' లోపల 'ప్రెస్ అండ్ హోల్డ్' అనే వరస మీద మార్చుకోవచ్చు.

మెనూల సంగతి మంచి ప్రశ్న. మౌస్‌కి మూడు స్థితులు ఉన్నాయి, దూరంగా ఉండటం, పైన నిలబడి ఊరికే చూడటం, నొక్కడం. వేలికి మధ్యది లేదు. గాల్లో ఉన్న వేలు స్క్రీన్‌కి కనపడదు, తాకిందంటే నొక్కినట్టే. అందుకే బాణం ఆనించగానే తెరుచుకునే మెనూలు, పసుపు పచ్చ చిట్టీలో వచ్చే వివరాలు, పైన పెడితేనే బయటపడే డిలీట్ బటన్లు ఇవన్నీ వేలికి దాగిపోతాయి. కొన్ని ప్రోగ్రాముల్లో నొక్కి పట్టుకుంటే చూపిస్తాయి, చాలావాటిలో అదీ లేదు. పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి మెనూలు వాడాల్సి వస్తే ఒక వైర్‌లెస్ మౌస్ బల్ల మీద ఉంచుకోండి, దాంట్లో నామోషీ ఏం లేదు.

ఇంకొకటి మీరు అడక్కపోయినా చెప్తా. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, 'మౌస్ పాయింటర్ అండ్ టచ్'లో 'టచ్ ఇండికేటర్' ఆన్ చేసి కింద దాన్ని ఇంకా పెద్దగా, ముదురుగా చెయ్యమని టిక్ పెట్టండి. మీరు తాకిన చోటల్లా గుండ్రం కనిపిస్తుంది. మీ చెయ్యి అడ్డంగా ఉన్నా వెనక బెంచీ పిల్లలకి మీరు గ్రాఫ్ మీద ఏ బిందువు తాకారో తెలుస్తుంది.

ప్రశ్న: డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. టచ్ కాదు, మౌసే. ఫారంలో జిల్లా ఎంచుకుని కిందికి స్క్రోల్ చేస్తే జిల్లా దానంతట అదే మారిపోతోంది. ఏలూరు పెడితే కృష్ణా అవుతోంది. నాదే పొరపాటని మాటలు పడ్డాను.
– ఏలూరు

జవాబు: మీ పొరపాటు కాదమ్మా, ముందు అది తెలుసుకో. విండోస్‌లో డ్రాప్‌డౌన్ పెట్టెలో (నొక్కితే పేర్ల జాబితా కిందికి జారే పెట్టె) ఒకటి ఎంచుకున్నాక ఆ పెట్టె ఇంకా నీ చేతిలోనే ఉందనుకుంటుంది, అప్పుడు మౌస్ చక్రం తిప్పితే పేజీ జరగడానికి బదులు పెట్టెలో పేర్లు జరుగుతాయి, ఒక్క మెట్టు తిరిగితే చాలు కింది పేరు వచ్చి కూర్చుంటుంది. మెనూ మూసేసి ఉన్నా సరే మారిపోతుంది, అదీ అసలు ప్రమాదం, కంటికి ఆనదు.

నువ్వు చెయ్యాల్సింది, జిల్లా ఎంచుకోగానే ట్యాబ్ కీ ఒక్కటి కొట్టు, తరవాతే చక్రం ముట్టుకో. ఆ తరవాతి గడి కూడా డ్రాప్‌డౌనే అయితే చక్రం వద్దు, పక్కన ఉండే స్క్రోల్ బారు పట్టుకుని లాగు. సబ్‌మిట్ చేసేముందు జిల్లా, మండలం, ఏడాది ఈ మూడు గడులు మళ్లీ చదువు.

ఈ కాలమ్ మీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి కూడా చూపించు. విండోస్ ఫారమ్స్‌లో అయితే ఆ కాంబోబాక్స్ (అదే, డ్రాప్‌డౌన్ పెట్టె) మౌస్‌వీల్ ఈవెంట్ దగ్గర దాన్ని హ్యాండిల్డ్ అని గుర్తు పెడితే చాలు, నాలుగు లైన్ల పని. రోజుకి వందల ఫారాలు కొట్టే మనిషి మీద నింద పడకుండా ఆ నాలుగు లైన్లు కాపాడతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో డెవలపర్‌ని. రెస్టారెంట్లకి డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధనం) ఆర్డర్ ప్రోగ్రామ్ రాశాం. మౌస్‌తో అంతా బాగుంది. టచ్‌లో ఐటెమ్‌ల జాబితా వేలితో జరగట్లేదు, ప్లస్ బటన్ పట్టుకుంటే అంకె పెరగట్లేదు, ఒక్కోసారి ఒక్క నొక్కుకి రెండు దోసెలు ఎక్కుతున్నాయి, జాబితా చివరికి వస్తే ప్రోగ్రామ్ కిటికీ (విండో) మొత్తం ఊగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నువ్వు చెప్పిన నాలుగూ నాలుగు వేరే జబ్బులు, మందులు కూడా వేరే.

జాబితా జరగకపోవడం: డబ్ల్యూపీఎఫ్‌లో టచ్ 2010లో డాట్‌నెట్ 4తో వచ్చింది, కానీ నువ్వు విడిగా పెట్టుకున్న స్క్రోల్‌వ్యూయర్‌కి (జాబితాని జరిపే చట్రం) 'ప్యానింగ్‌మోడ్' మామూలుగా 'నన్' అనే ఉంటుంది. అంటే వేలితో ఈడ్చినా దానికి పట్టదు. నిలువుగా జరిగేదానికి 'వర్టికల్‌ఓన్లీ' పెట్టు, అడ్డంగా కూడా జరగాలంటే 'బోత్'. కిటికీ ఊగడం విండోస్ కావాలని చేసేదే, జాబితా అయిపోయిందని వేలికి చెప్పడానికి. రెస్టారెంట్‌లో అది చూసి జనం సిస్టమ్ పాడైందనుకుంటారు, కాబట్టి 'మ్యానిప్యులేషన్‌బౌండరీఫీడ్‌బ్యాక్' ఈవెంట్ పట్టుకుని హ్యాండిల్డ్ ట్రూ చేసెయ్, ఆగిపోతుంది.

ప్లస్ బటన్: వేలు పట్టుకుంటే అది రైట్ క్లిక్ అవుతుందేమో అని విండోస్ ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపులో మౌస్ నొక్కిన కబురు నీ బటన్‌కి చేరదు, గడి గీత మాత్రం వస్తుంది. ఆ ఒక్క బటన్ మీద 'స్టైలస్ డాట్ ఈజ్‌ప్రెస్‌అండ్‌హోల్డ్‌ఎనేబుల్డ్' ఫాల్స్ పెట్టు. మొత్తం కిటికీకి పెట్టకు, ఇంకెక్కడో రైట్ క్లిక్ మెనూ అవసరం ఉంటుంది.

రెండు దోసెలు: మీవాళ్లెవరో టచ్‌డౌన్‌కీ మౌస్‌డౌన్‌కీ రెండిటికీ అదే పని రాసి ఉంటారు. పాత ప్రోగ్రాములు కూడా వేలితో పనిచెయ్యాలని విండోస్ టచ్‌ని మౌస్‌గా మార్చి ఇంకోసారి పంపుతుంది, అక్కడ రెండు పడతాయి. బటన్లకి క్లిక్ ఒక్కటే వాడు. మౌస్ ఈవెంట్ తప్పనిసరైన చోట 'స్టైలస్‌డివైస్' ఖాళీగా ఉందో లేదో చూడు, ఖాళీ కాకపోతే అది వేలి నుంచో పెన్ను నుంచో వచ్చింది.

ఇక అందరూ చేసే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది, ప్రోగ్రామ్ మొదలవగానే టచ్ ఉందా లేదా అని మెషీన్‌ని అడిగి దాన్ని బట్టి బటన్ల సైజు ఖాయం చేసెయ్యడం. 'మ్యాగ్జిమమ్ టచెస్' అనే అంకె ఆ స్క్రీన్ ఎన్ని వేళ్లని ఒకేసారి పట్టగలదో చెప్తుంది, మనిషి ఇప్పుడు వేలే వాడుతున్నాడని చెప్పదు. టచ్ ఉన్న లాప్‌టాప్ ముందు కూర్చుని రోజంతా మౌస్ వాడేవాళ్లు ఎంతమంది లేరు? చివరగా వచ్చిన కబురు వేలిదా మౌస్‌దా అన్నది చూడు, దానికి తోడు సెట్టింగుల్లో ఆటో, మౌస్, టచ్ అని మూడు ఇవ్వు, మనిషి చేత్తో పెట్టింది ఎప్పుడూ ఆటో మీద గెలవాలి. బ్రౌజర్ టెక్నాలజీతో రాసిన డెస్క్‌టాప్ యాప్ అయితే సీఎస్ఎస్‌లో 'పాయింటర్ కోర్స్' అన్నది ప్రధాన సాధనం గురించే చెప్తుంది, టచ్ లాప్‌టాప్‌లో ప్రధానం మౌసే కాబట్టి దానికి జవాబు 'ఫాల్స్' అనే వస్తుంది, 'ఎనీ పాయింటర్' కూడా చూడాలి, ఇంకా కచ్చితంగా కావాలంటే ప్రతి పాయింటర్ ఈవెంట్‌లో టచ్చా మౌసా పెన్నా అని రాసే ఉంటుంది, అది చదువు.

రెడీమేడ్ కంట్రోల్స్ కొని వాడుతుంటే వాటిలో ఈ మీట ముందే ఉంటుంది, ఉదాహరణకి డెవ్‌ఎక్స్‌ప్రెస్ విండోస్ ఫారమ్స్‌లో 'టచ్‌యూఐమోడ్', ఎంత పెద్దది చెయ్యాలో చెప్పే 'టచ్‌స్కేల్‌ఫ్యాక్టర్' అని రెండున్నాయి. అవి వాడుకో, కానీ ఆన్ చేశాక ప్రతి ఫారం తెరిచి చూడు, సైజులు పిక్సెళ్లలో బిగించిన చోట్ల రాతలు తెగిపోతాయి.

1954లో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు ఒక లెక్క చెప్పాడు, చేరాల్సిన చోటు ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చేతికి అంత టైమ్ పడుతుందని. ఆర్డర్ తీసుకునేవాడు రోజుకి ఎన్నిసార్లు చెయ్యి కదుపుతాడో ఆలోచించు. ఎక్కువ పోయే ఇడ్లీ, దోసె, టీ బటన్లు పెద్దవి చేసి బొటనవేలి దగ్గర పెట్టు, 'ఆర్డర్ క్యాన్సిల్' బటన్‌ని 'ఓకే' పక్కన అంటించకు. ఆఫీసులో ఏసీలో కాదు, మధ్యాహ్నం భోజనాల వేళ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడి ఒక గంట టెస్ట్ చెయ్యి, చేతికి నూనె, తడి ఉన్నప్పుడు స్క్రీన్ ఏం చేస్తుందో అక్కడ తప్ప ఇంకెక్కడా తెలీదు.

ప్రశ్న: అన్నా, నాది మడతపెట్టే లాప్‌టాప్. విండోస్ 10లో ట్యాబ్లెట్ మోడ్ బటన్ ఉండేది, 11కి మారాక కనపడట్లేదు. టచ్ కీబోర్డు కూడా ఒకసారి వస్తది, ఒకసారి రాదు. తెలుగు ఎట్ల కొట్టాలె?
– ఇంజినీరింగ్ స్టూడెంట్, వరంగల్

జవాబు: తమ్ముడూ, విండోస్ 11లో ఆ బటన్ తీసేశారు. కీబోర్డు వెనక్కి మడిచినా, విడదీసినా అదే ట్యాబ్లెట్ అని గుర్తుపట్టి ఐకాన్లు ఎడంగా జరుపుతుంది. నాకైతే ఆ బటన్ ఉండాల్సింది అనిపిస్తుంది, మడవకుండా కూడా వేలితో చదువుకునేవాళ్లు ఉన్నారు కదా.

కీబోర్డుకి సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, టచ్ కీబోర్డు. అక్కడ ఎప్పుడు చూపించాలి అంటే 'కీబోర్డు లేనప్పుడు' అని ఉంటుంది, 'ఎప్పుడూ' అని మార్చు. కీబోర్డు సైజు విడిగా ఉంది, పర్సనలైజేషన్‌లో టెక్స్ట్ ఇన్‌పుట్ కింద, అక్కడ పెద్దది చేసుకోవచ్చు. తెలుగుకి లాంగ్వేజ్ జాబితాలో తెలుగు చేర్చు, టచ్ కీబోర్డు మీదే భాష మార్చే మీట వస్తుంది. అసలు కీబోర్డు మీద కొట్టేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు రావాలంటే 'తెలుగు ఫొనెటిక్' చేర్చుకో, 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది, బయట నుంచి ఏదీ దించుకోనక్కర్లే.

ప్రశ్న: ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబ్‌లు మూసే ఇంటూ గుర్తు వేలికి దొరకట్లేదు.
– కాకినాడ

జవాబు: మూడు గీతల మెనూ, 'మోర్ టూల్స్', 'కస్టమైజ్ టూల్‌బార్'. తెరుచుకున్న పేజీ అడుగున 'డెన్సిటీ' అని ఉంటుంది, అందులో 'టచ్' ఎంచుకోండి, పైన బారంతా ఎత్తు పెరుగుతుంది. విండోస్ 10లో అయితే ట్యాబ్లెట్ మోడ్‌లో మాత్రమే అలా చెయ్యమని ఒక టిక్ కూడా అక్కడే ఉంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఖమ్మంలో ఉన్న మా అమ్మకి టచ్ లాప్‌టాప్ కొనిచ్చాను, వీడియో కాల్స్‌కి, ఆన్‌లైన్‌లో పేపర్ చదువుకోడానికి. చదివేటప్పుడు లైన్ మీద వేలు పెట్టి చదవడం ఆవిడకి అలవాటు, ఏదో ఒకటి తెరుచుకుంటోంది, భయపడి మూసేస్తోంది. చెయ్యి కూడా కొంచెం వణుకుతుంది. టచ్ పూర్తిగా తీసెయ్యొచ్చా?

జవాబు: తియ్యొచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, అందులో 'హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్' కింద 'హెచ్ఐడీ కంప్లయంట్ టచ్ స్క్రీన్' అని ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి 'డిసేబుల్' అంటే సరి. కొన్ని లాప్‌టాపుల్లో అది రెండుసార్లు కనపడుతుంది, అప్పుడు రెండూ ఆపాలి. మళ్లీ కావాలంటే అక్కడే 'ఎనేబుల్'. ముందు మౌస్ పనిచేస్తుందో లేదో చూసుకుని తరవాతే ఇది చెయ్యండి.

అయితే తీసేముందు అమ్మగారిని ఒక మాట అడగండి, ఫోన్ ఎలా వాడుతున్నారో. ఆ వయసు వాళ్లు చాలామంది ఫోన్ వేలితో బ్రహ్మాండంగా వాడతారు, మౌస్ మాత్రం ఎన్నడూ పట్టుకుని ఉండరు. చెయ్యి వణికేవాళ్లకి మౌస్ ఇంకా కష్టం, బాణాన్ని చిన్న బొమ్మ మీద నిలబెట్టి కదలకుండా రెండుసార్లు నొక్కాలి, ఒక్క పిసరు జరిగితే డబుల్ క్లిక్ కాస్తా ఈడ్చినట్టవుతుంది, ఫోల్డర్ ఎక్కడికో పోతుంది. నన్నడిగితే టచ్ ఉంచి మిగతావి మార్చమంటా. స్కేల్ 150 పెట్టండి, యాక్సెసిబిలిటీలో 'టెక్స్ట్ సైజ్' విడిగా పెంచండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో ఒక్క క్లిక్‌కే తెరుచుకునే పద్ధతి ఉంది, అది పెడితే ఫైళ్లు, ఫోల్డర్ల దగ్గర రెండు నొక్కుల బాధ ఉండదు. పేపర్ చదివే సైటులో బ్రౌజర్ రీడర్ పద్ధతి ఆన్ చేస్తే ప్రకటనలు, లింకులు చాలావరకు పోయి ఉత్త రాత మిగులుతుంది, అప్పుడు లైన్ మీద వేలు పెట్టుకుని చదివినా తెరుచుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మౌసే ఇష్టం అంటే టచ్ ఆపేసి, మౌస్ సెట్టింగుల్లో బాణం వేగం తగ్గించి, డబుల్ క్లిక్ వేగం బాగా నెమ్మది చేసి, బాణం సైజు పెద్దది చెయ్యండి.

ఇవన్నీ మీరు డాలస్ నుంచే చెయ్యొచ్చు, విండోస్‌లోనే ఉన్న 'క్విక్ అసిస్ట్' తెరిచి మీరు ఇచ్చే కోడ్ అమ్మగారు కొడితే ఆవిడ స్క్రీన్ మీకు కనిపిస్తుంది, ఆవిడ ఒప్పుకుంటే మార్పులు కూడా చెయ్యొచ్చు. ఖమ్మంలో పొద్దున పది దాటాక, అంటే మీకు ముందురోజు రాత్రి, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఒక్కొక్కటీ మార్చుతూ, ఇప్పుడు తాకి చూడమ్మా అని అడుగుతూ చెయ్యండి, అన్నీ ఒకేసారి మార్చి వదిలేస్తే నిన్నటి లాప్‌టాప్ ఏమైందిరా అని ఆవిడ కంగారు పడతారు.